ఆటిజం - మెదడు శస్త్రచికిత్సపై అపోహలు

ఆటిజం లేదా స్వలీనత అనేది మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఒక స్థితి. ఇది ఉన్నవారు ఇతరులతో సంభాషించే తీరు, కలిసిమెలిసి మెలగే తీరు భిన్నంగా ఉంటాయి. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, కొన్ని శబ్దాలను, స్పర్శను సహించలేకపోవడం కూడా కనిపిస్తాయి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించాడు. మెదడుకు శస్త్రచికిత్స చేస్తే ఆటిజం నయమవుతుందని కొందరు నమ్ముతారు. అటువంటి శస్త్రచికిత్స ఏదీ లేదు.

ఎందుకు వీలుకాదు

మెదడులో గడ్డ ఏర్పడితే దానిని తొలగించవచ్చు. ఆటిజంలో అలా తొలగించదగిన భాగం ఉండదు. అనేక జన్యువుల ప్రభావం వలన, బిడ్డ పుట్టకముందు నుండే, మెదడులోని పలు ప్రాంతాల మధ్య నాడీకణాల అల్లిక భిన్నంగా రూపొందుతుంది. స్కానింగు ద్వారా ఆటిజాన్ని నిర్ధారించరు. బిడ్డ ప్రవర్తనను, ఎదుగుదలను పరిశీలించి నిర్ధారిస్తారు.

అపోహకు కారణం

ఆటిజం ఉన్నవారిలో కొందరికి మూర్ఛ వ్యాధి కూడా ఉంటుంది. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యువ్యాధిలో ఈ రెండూ తరచుగా కలిసి కనిపిస్తాయి. మందులతో మూర్ఛలు తగ్గనప్పుడు, అవి మొదలయ్యే చోటును కొందరికి శస్త్రచికిత్సతో తొలగిస్తారు. మూర్ఛలు తగ్గాక బిడ్డ చురుకుగా మారవచ్చు. దానిని చూసినవారు ఆటిజమే నయమైందని పొరబడే అవకాశం ఉంది.

చరిత్ర

మానసిక స్థితులను కత్తితో సరిచేయాలన్న ప్రయత్నం గతంలో జరిగింది. 1935లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు ముందుభాగపు నాడీతంతువులను తెంచే పద్ధతిని ప్రారంభించాడు. ఇందుకు 1949లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. తరువాత లోబోటమీగా పేరుపొందిన ఈ పద్ధతిని అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ పిల్లలపై కూడా ప్రయోగించాడు. పలువురు మరణించారు, ఎందరో చొరవను, భావోద్వేగాలను కోల్పోయారు. తెగిన తంతువులను తిరిగి అతికించే మార్గం లేదు. 1950లలో మానసిక వ్యాధులకు మందులు వచ్చాక ఈ పద్ధతి క్రమంగా మూలపడింది.

అందుబాటులో ఉన్న సహాయం

ఆటిజాన్ని పోగొట్టే మందు కూడా లేదు. రిస్పెరిడోన్ వంటి మందులు తీవ్రమైన చిరాకును మాత్రమే తగ్గిస్తాయి. మాటల శిక్షణ, ప్రవర్తనా శిక్షణ, ప్రత్యేక విద్య చిన్నవయసులోనే మొదలైతే ఎక్కువ మేలు కలుగుతుంది. నయం చేస్తామనే ప్రకటనలను నమ్మిన కుటుంబాలు ధనంతోపాటు ఈ విలువైన కాలాన్ని కూడా నష్టపోతాయి. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది.