ఓదార్పా... ఒట్టి కన్నీళ్లా?

ఆ పాటలో అరుపులుండవు. గిటార్ల మోత ఉండదు. రాక్ సంగీతం అనగానే చెవులు మూసుకునేవాళ్లు కూడా కూర్చుని వినేంత నెమ్మదిగా సాగుతుంది. కానీ ముప్ఫై ఏళ్లు దాటినా దాని మీద శ్రోతల పంచాయితీ మాత్రం తెగలేదు. 'కష్టకాలంలో నన్ను నిలబెట్టింది' అని చేతులెత్తి మొక్కేవాళ్లు ఒకవైపు. 'ఏడిపించడానికే కట్టిన పాట' అని పెదవి విరిచేవాళ్లు మరోవైపు. అమెరికన్ బృందం 'ఆర్.ఈ.ఎమ్.' పాడిన 'ఎవ్రీబడీ హర్ట్స్' కథ ఇది!

1980. అమెరికాలోని జార్జియా రాష్ట్రం. ఏథెన్స్ అనే చిన్న యూనివర్సిటీ పట్నం. రికార్డుల దుకాణంలో పనిచేసే పీటర్ బక్‌కీ, అక్కడికి వచ్చే విద్యార్థి మైకేల్ స్టైప్‌కీ స్నేహం కుదిరింది. మైక్ మిల్స్, బిల్ బెర్రీ తోడయ్యారు. అలా పుట్టిందే ఆర్.ఈ.ఎమ్. పెద్ద రేడియో స్టేషన్లు ఇలాంటి బృందాలను పట్టించుకోని రోజులవి. కాలేజీ కుర్రాళ్లు నడిపే రేడియోలే వీరికి దిక్కు. 'ఆల్టర్నేటివ్ రాక్' అని తర్వాత పేరుపడ్డ సంగీతానికి పునాది పడింది అలాంటి చోట్లే.

మొదట్లో స్టైప్ ఏం పాడుతున్నాడో ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. మాటలు మింగేస్తూ, గొంతులోనే గొణుక్కుంటూ పాడేవాడు. 1983లో వచ్చిన తొలి ఆల్బమ్ పేరే 'మర్మర్'... అంటే గొణుగుడు! అభిమానులకు నచ్చింది కూడా అదే. ఒక్కో చరణానికి ఒక్కొక్కరూ ఒక్కో అర్థం చెప్పుకొనేవారు. ఆ ఆల్బమ్‌నే 'రోలింగ్ స్టోన్' పత్రిక ఆ ఏటి మేటిగా ఎంచింది.

అలాంటి బృందం 1992లో 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' ఆల్బమ్ తెచ్చింది. అందులో ఒక పాట మాత్రం చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యేంత తేటగా ఉంది. అక్కడే మొదలైంది గొడవంతా!

డ్రమ్మర్ పాట... డ్రమ్ములు లేవు!

బృందంలో ఎవరు ఏది రాసినా పేర్లు మాత్రం నలుగురివీ వేసుకోవడం ఆర్.ఈ.ఎమ్. ఆనవాయితీ. అయితే ఈ పాటకు మూలం చాలావరకు డ్రమ్మర్ బిల్ బెర్రీదే. విచిత్రం ఏమిటంటే, పాటలో చాలాసేపు ఆయన డ్రమ్ములే వినిపించవు. చవకరకం డ్రమ్ మెషీన్ ఒకటి గడియారంలా టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. దాని మీద గిటార్ తీగలు ఒక్కొక్కటిగా మోగుతాయి. లెక్క మూడు మూళ్లుగా సాగుతుంది. మన జోలపాటల్లో వినిపించే తిశ్ర నడకలాంటిదే. ఉయ్యాల ఊపినట్టుండే ఆ లయే సగం ఓదార్పు.

వయొలిన్ల వరసలు కూర్చిందెవరో తెలుసా? హోరుకు మారుపేరైన 'లెడ్ జెప్లిన్' బృందంలో బేస్ గిటార్ వాయించిన జాన్ పాల్ జోన్స్! ఆ తీగలు ఎక్కడో అడుగున సన్నగా మొదలై, పాట సగం దాటాక అలలా పైకి లేస్తాయి. అప్పటిదాకా అణచిపెట్టుకున్న గొంతు కూడా అక్కడే తెరుచుకుంటుంది. అయిదు నిమిషాలు దాటిన పాటలో ఆ ఒక్క చోటు కోసమే ఎదురుచూసే శ్రోతలున్నారు.

మరి మాటలు ఎందుకంత తేటగా ఉన్నాయి? పీటర్ బక్ తర్వాతి రోజుల్లో వివరణ ఇచ్చాడు. అది ఈడొస్తున్న పిల్లల కోసం ఉద్దేశించిన పాట అట. బతుకు మీద ఆశ వదులుకోబోతున్న పదహారేళ్ల పిల్లాడికి కవిత్వం విడమరిచి చూసుకునే ఓపిక ఉండదు కదా! చెప్పదలచుకున్నది సూటిగా చెప్పాలి. అంతే!

ఎవరి వాదన వారిది

పాత అభిమానుల్లో కొందరికి ఇదే మింగుడుపడలేదు. 'గుట్టుగా ఉండే మనిషి ఉన్నట్టుండి హితబోధ మొదలుపెట్టినట్టుంది' అన్నది వాళ్ల బాధ. పాట విన్నాక మనసు కరగాలే తప్ప కరిగించడానికి ఇంత ప్రయత్నమా అని వాళ్ల ప్రశ్న.

రెండో అభ్యంతరం ఇంకాస్త లోతైంది. బాధ అందరికీ ఉంటుందని చెప్పడమే ఈ పాట పేరులోని భావం. ఆ మాట కొందరికి తోడు దొరికినట్టు అనిపిస్తుంది. మరికొందరికి, 'నీదేం గొప్ప బాధ కాదులే' అని తేలిగ్గా తీసిపారేసినట్టు అనిపిస్తుంది. చావింటికి వచ్చిన చుట్టాలు 'ఎవరికైనా తప్పదు కదమ్మా' అంటే ఒకరికి ఊరట, మరొకరికి చిరాకు. ఇదీ అలాంటిదే!

వెనకేసుకొచ్చేవాళ్లు మాత్రం ఒకటే అంటారు... 'ఒడ్డున నిలబడి వింటే ఇవి అరిగిపోయిన మాటలే. మునిగిపోతున్నప్పుడు వినండి, తాడులా కనిపిస్తాయి' అని. 2010లో బ్రిటన్‌లోని 'పీఆర్ఎస్ ఫర్ మ్యూజిక్' సంస్థ మగవాళ్లను ఏడిపించే పాటలేమిటని ఆరా తీస్తే మొదటి స్థానం దీనికే దక్కింది. దాన్ని కూడా ఇరువర్గాలూ తమకు అనుకూలంగానే చెప్పుకొన్నా ఆశ్చర్యం లేదు. 'చూశారా, ఎంత కదిలించిందో' అని వీళ్లు... 'చూశారా, ఏడిపించడమే దాని పని' అని వాళ్లు!

ఆగిపోయిన కార్లు

పాటకు సగం పేరు తెచ్చింది 1993లో వచ్చిన వీడియో. దర్శకుడు జేక్ స్కాట్. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో తీశారు. రోడ్డు మీద బారులు తీరి ఆగిపోయిన కార్లు. ఒక్కో కారులో ఉన్నవాళ్ల మనసులో మాటలు తెర మీద అక్షరాలుగా కనిపిస్తుంటాయి. పక్కపక్కనే ఉన్నా ఒకరి గోడు ఒకరికి తెలియదు. చివరికి అందరూ కార్లు వదిలేసి నడక మొదలుపెడతారు. ట్రాఫిక్ జామ్ ఆలోచనకు ఇటలీ దర్శకుడు ఫెల్లినీ తీసిన 'ఎనిమిదిన్నర' సినిమా ఆరంభ దృశ్యం స్ఫూర్తి. 1994లో ఈ వీడియోకు నాలుగు ఎంటీవీ పురస్కారాలు దక్కాయి.

అక్కడితో ఆగితే బాగుండేదేమో! విషాదం అనగానే ఈ పాట పెట్టేయడం టీవీలకూ సినిమాలకూ అలవాటైపోయింది. హాస్య సన్నివేశాల్లో సైతం వెటకారంగా వాడేశారు. ఎంత మంచి మందైనా వీధివీధికీ పంచిపెడితే విలువ పోతుంది కదా! పాటంటే విసుగెత్తిందనే వాళ్లలో చాలామంది కోపం నిజానికి ఆ అతివాడకం మీదే.

ప్రకటనగా మారిన పాట

1953లో లండన్‌లో మొదలైన 'సమారిటన్స్' సంస్థ, కుంగిపోయినవారి గోడును ఫోన్‌లో వింటుంది. బ్రిటన్‌లో కుర్రాళ్ల ఆత్మహత్యలు ఎక్కువ. సాయం కోసం ఫోన్ చేసేవాళ్లు మాత్రం తక్కువ. వాళ్లకు చేరువయ్యేదెలా? 1995లో ఆ సంస్థ పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. ఈ పాట సాహిత్యం, తమ ఫోన్ నంబరు. ఇంకేమీ లేదు. తేటగా ఉన్నాయని కొందరు ఈసడించిన మాటలే అక్కడ పనికొచ్చాయి. గొణుగుడు పాట అయితే ఆ ప్రకటనే ఉండేది కాదు! అమెరికాలో నెవాడా రాష్ట్ర చట్టసభ కూడా పిల్లల ఆత్మహత్యల నివారణకు తోడ్పడ్డారంటూ బృందాన్ని అభినందించింది.

2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసింది. బాధితుల కోసం సైమన్ కోవెల్ పేరున్న గాయకులందరినీ పోగుచేసి ఇదే పాట మళ్లీ పాడించాడు. ఆర్.ఈ.ఎమ్. తన రాయల్టీ వదులుకుంది. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి ఎగబాకింది. అసలు పాట అక్కడ ఏడో స్థానం దగ్గరే ఆగిపోయింది మరి! అప్పుడూ రెండు మాటలే. సాయం మంచిదే, కానీ ఒంటరి గొంతు పాడుకున్న పాటకు ఇంతమంది గాయకుల హంగు ఎందుకని కొందరి గొణుగుడు.

పాట ఎంతవరకు?

ఇంతకీ ఒక పాట మనిషిని కాపాడగలదా?

'నిర్వాణ' గాయకుడు కర్ట్ కొబేన్‌కు స్టైప్ అంటే ఎంతో గౌరవం. అతను మానసికంగా కుంగిపోతున్నాడని తెలిసి, కలిసి పాటలు చేద్దామంటూ స్టైప్ పిలిచాడు. ఏదో ఒక పనిలో పెడితే నిలబడతాడని ఆశ. ఫలితం లేకపోయింది. 1994 ఏప్రిల్‌లో, 27 ఏళ్లకే కొబేన్ ప్రాణం తీసుకున్నాడు. అతని సీడీ ప్లేయర్లో ఉన్నది 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' అని తర్వాత వార్తలొచ్చాయి. ఓదార్చే పాట ఉన్న ఆల్బమ్ అదే! ఆ ఏడే ఆర్.ఈ.ఎమ్. అతన్ని తలచుకుంటూ 'లెట్ మీ ఇన్' అనే పాట చేసింది.

పాటను తీసిపారేసేవాళ్లూ, నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఇద్దరూ ఒక్క క్షణం ఆగాల్సిన చోటు ఇది. పాట వైద్యం కాదు. వైద్యుడి దాకా, స్నేహితుడి దాకా, కనీసం ఫోన్ దాకా నడిపించే చేయి... అంతవరకే. సమారిటన్స్ పాటను అచ్చువేసి ఊరుకోకుండా నంబరు కూడా ఇచ్చింది అందుకే కాబోలు. మన దేశంలోనూ 2022 అక్టోబరు నుంచి 'టెలీ మానస్' ఉంది. మనసు బాగోలేనప్పుడు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

బిల్ బెర్రీ 1995లో స్విట్జర్లాండ్ కచేరీలో మెదడులో రక్తనాళం చిట్లి కుప్పకూలాడు. కోలుకున్నాడు. 1997లో బృందాన్ని వీడాడు. 2011లో ఆర్.ఈ.ఎమ్. కూడా పాడటం చాలించింది. శ్రోతల వాదన మాత్రం ఆగలేదు.

కరుణ రసం మనసుకు ఎందుకు హాయినిస్తుందని మన ఆలంకారికులు వందల ఏళ్లు తర్కించారు. భవభూతి అయితే ఉన్న రసం అదొక్కటే అన్నాడు. అందరూ ఒప్పుకున్నారా? లేదు! ఈ పాటకైనా అంతే. నచ్చనివాళ్లకు నచ్చకపోవచ్చు. కాకపోతే, పక్కగదిలో తలుపు వేసుకుని ఎవరైనా దాన్నే మళ్లీమళ్లీ వింటుంటే మాత్రం... పాట గురించి వాదించకండి. తలుపు తట్టండి!