గరిటె, తెడ్డు, సోల: వంటింటి చిన్న పనిముట్ల కథ

వంట చేయడాన్ని తెలుగులో 'గరిటె తిప్పడం' అని కూడా అంటాం. పొయ్యిని, కుండను, నిప్పును కాదని నుడికారం గరిటెను ఎంచుకుంది. అయినా పదార్థాల గురించీ రుచుల గురించీ రాసినంతగా ఈ చిన్న పనిముట్ల గురించి మనం రాసుకోలేదు. విదేశాలలోని మన వంటిళ్ళలో సొరుగు లాగితే కనిపించేవన్నీ ఇప్పుడు 'స్పూన్లే'. ఒకప్పుడు వాటికి వేరువేరు పేర్లుండేవి. పనులు వేరు కనుకనే పేర్లు వేరు. పేరు పోయినచోట దాని వెనుక ఉన్న పనితనమూ మరుగున పడుతుంది.

చిప్ప నుంచి చెంచా దాకా

మనిషి వాడిన తొలి చెంచాలలో చాలా వాటిని ప్రకృతే సగం చేసిపెట్టింది. సింధు నాగరికతకు చెందిన హరప్పా, మొహెంజొదారో తవ్వకాలలో సముద్రపు గుల్లలను కోసి చేసిన గరిటెలు దొరికాయి. లాటిన్‌లో చెంచాను సూచించే 'కోక్లియారె' అన్న మాట నత్తగుల్ల అనే అర్థమున్న 'కోక్లియా' నుంచి పుట్టింది. ఇంగ్లీషు 'స్పూన్' మాటకు పూర్వార్థం చెక్కపేడు. ఒకచోట గుల్ల, మరొకచోట చెక్క.

తెలుగు వంటింట్లో రెండూ ఉన్నాయి. కొబ్బరిచిప్పతో చేసిన గరిటె 'అబక' లేదా 'అగప'; తమిళంలోని 'అగప్పై' దీని తోబుట్టువు. కర్రతో చేసినది 'తెడ్డు'. పడవ నడిపేదానికీ అదే పేరు. 'చెంచా' పారసీకం నుంచి హిందుస్తానీ మీదుగా మనకు చేరింది. ఇక ఆల్చిప్పను మధ్యలో అరగదీసి చిల్లు చేస్తే, ఆ చిల్లు అంచు మాగాయకు మామిడికాయల చెక్కు తీసే సాధనమవుతుంది. ముత్యపుచిప్ప అనే అర్థమున్న 'శుక్తి' ఆయుర్వేదంలో రెండు కర్షలకు సమానమైన ఒక మానం. అంటే చిప్ప పాత్రగానూ, పరికరంగానూ, కొలతగానూ పనికివచ్చింది.

రుచి ఎరుగని గరిటె

ధమ్మపదంలోని బాలవగ్గం, జ్ఞాని చెంత ఉండి కూడా ఏమీ గ్రహించని మూఢుణ్ణి పులుసు రుచి ఎరుగని గరిటెతో పోలుస్తుంది. నీతి మాట ఎలా ఉన్నా, వంటింటి దృష్టితో చూస్తే అదే గరిటెకు ఉండవలసిన గుణం. మంచి గరిటె వంటకం నుంచి ఏమీ తీసుకోకూడదు, దానికి ఏమీ ఇవ్వకూడదు.

ఇత్తడిలో రాగి ఉంటుంది. చింతపండు పులుపు తగిలితే చిలుము పడుతుంది. అందుకే ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించేవారు. కళాయి అంటే తగరపు పూత. తగరం చాలా మెత్తని లోహం. 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. ఇనుప గరిటెతో గీకితే ఆ పూత లేచిపోతుంది. పప్పుగుత్తి చెక్కది కావడంలోని సౌలభ్యం ఇక్కడ తెలుస్తుంది. పప్పు మెదుగుతుంది, పూత నిలుస్తుంది. నాన్‌స్టిక్ మూకుడులో లోహపు గరిటె పెట్టవద్దని నేడు చెప్పే నియమం ఈ పాత నియమమే.

ఆవకాయ జాడీలో ఉప్పూ పులుపూ రెండూ ఉంటాయి. రెండూ లోహాన్ని తినేవే. కాబట్టి అక్కడ పొడి చెక్క గరిటె. అట్లకాడ మాత్రం ఇనుముది. అట్టు అంచు కిందకు దూరాలంటే అది కత్తిలా పలుచగా ఉండాలి. చెక్కను అంత పలుచన చేస్తే విరుగుతుంది. పైగా ఇనుప పెనానికి గీతల భయం లేదు.

చెక్క గరిటెల తయారీని ఒక కళగా నిలుపుకున్న ఊరు నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి. నర్ది, కల్డి, బిక్కి వంటి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేసి, పిడుల మీద సన్నని నగిషీలు చెక్కుతారు. ఈ చేతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వాటి అందం కంటికి ఎంత కనిపించినా, వేడిని చేతిదాకా రానివ్వని పిడిలోనే వాటి ప్రయోజనం ఉంది. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే లక్కపిడతలు ఇదే లోకానికి చిన్నరూపం. పిల్లలు వంటింటి సామాను పేర్లు నేర్చుకున్నది ఆ ఆటలోనే.

ఆకారం చెప్పే సంగతి

పోపు గరిటె చిన్నది, లోతైనది, పొడవాటి పిడి గలది. చెంచాడు నూనెను వెడల్పాటి మూకుడులో పోస్తే పలుచగా పరుచుకుంటుంది. ఆవాలు సగమే తడిసి మాడతాయి. లోతైన గరిటెలో అదే నూనెలో ఆవాలు మునుగుతాయి, దాదాపు ఒక్కసారే చిటపటమంటాయి. అలాగే పప్పులో ముంచితే ఆ వేడి, ఆ వాసన రెండూ వృథా కావు. ఇండక్షన్ పొయ్యి మీద ఈ గరిటె సరిగా వేడెక్కదు; దాని గుండ్రని అడుగు చదునైన గాజుపలకకు ఆనదు. అక్కడ అడుగు చదునైన చిన్న ఇనుప గిన్నె తీసుకోవాలి. ఆకారం మారినా, తక్కువ నూనెకు లోతు కావాలనే సూత్రం మారదు.

కవ్వానికి తాడు చుట్టి చిలకడంలోనూ ఇలాంటి ఆలోచనే ఉంది. ఒకే దిక్కుకు తిప్పితే పెరుగు మొత్తం సుడిలా దానితో పాటు తిరుగుతుంది. లాగిన ప్రతిసారీ దిక్కు మారితే పెరుగు బలంగా కదిలి, కొవ్వు బిందువుల పొరలు చిట్లి, అవి ఒకదానినొకటి అంటుకుని వెన్నగా తేలతాయి.

కొలత పోతే వంట పోతుంది

ఈ పనిముట్లలో మనకు ఎక్కువ నష్టం జరిగినది కొలత పాత్రల విషయంలో. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి 64 గిద్దలు. సగం చేయడం, రెట్టింపు చేయడం తెలిస్తే చాలు, లెక్కంతా నడుస్తుంది. అయితే సోల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో దేశమంతటా మెట్రిక్ పద్ధతి మొదలైంది. పాత కొలతలు ఇళ్ళలో మాత్రమే మిగిలాయి.

ఇప్పటి కొలతలు మాత్రం ఒకే తీరుగా ఉన్నాయా? అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180. అది జపానువారి 'గో' అనే పాత మానం, మన సోల వంటిదే. టేబుల్‌స్పూను అమెరికాలో దాదాపు 15, ఆస్ట్రేలియాలో 20 మిల్లీలీటర్లు. బియ్యాన్ని కుక్కరు కప్పుతో, నీళ్ళను అమెరికా కప్పుతో కొలిస్తే నీళ్ళు మూడోవంతు ఎక్కువవుతాయి. ఒకే పాత్రతో అన్నీ కొలిచే పాత అలవాటులో ఈ ప్రమాదం లేదు.

ఉప్పు సంగతి ఇంకా సున్నితం. పెద్దలు రాసుకున్న ఆవకాయ లెక్కలో 'సోల ఉప్పు' అంటే కల్లుప్పే కావచ్చు. రవ్వ పెద్దది కనుక మధ్యలో ఖాళీలు ఎక్కువ. అదే సోలతో సన్నని ఉప్పు కొలిస్తే బరువు పెరిగి ఊరగాయ ఉప్పుకషాయమవుతుంది. కొలత పాత్ర దొరికినంత మాత్రాన చాలదు, దానితో ఏ రూపంలోని పదార్థాన్ని కొలిచారో కూడా తెలియాలి.

ఇందుకు చేయగలిగిన పని చిన్నదే. మీ ఇంట్లో పాత సోలగానీ గిద్దగానీ ఉంటే అంచు వరకు నీళ్ళు పోసి వంటింటి త్రాసులో తూచండి. పాత్ర బరువు తీసివేస్తే ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు. ఆ అంకెను వంటల పుస్తకం మొదటి పుటలో రాసిపెట్టండి. చదునుగా కొలిచేవారో గుట్టగా కొలిచేవారో, ఏ ఉప్పు వాడేవారో, అడిగి చెప్పించుకోగల పెద్దలు ఉండగానే పక్కన చేర్చండి. ఆ రెండు పంక్తులు ఉంటే, తరువాతి తరం ఏ దేశంలో ఏ కప్పు పట్టుకున్నా మీ ఇంటి ఆవకాయను మళ్ళీ కలపగలుగుతుంది.