ఖిల్లా... బీడీ... సాంచా! మూడు ఊళ్ళ ముచ్చట

కోట సెట్టింగు అనగానే మీకేం గుర్తొస్తుంది? అట్ట గోడలు, రంగు పూసిన ద్వారం, దాని ముందు కత్తి దూసిన కథానాయకుడు... అంతేనా? అయితే ఓసారి జగిత్యాల రండి. ఇక్కడి కోటకి అట్టతో పనిలేదు. పైనుంచి చూస్తే అచ్చం నక్షత్రమే!

ఈ ఖిల్లాను 1747లో కట్టారంటారు. ప్లాను గీసింది జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లనీ, వాళ్ళ పేర్లు కలిసే ‘జగిత్యాల’ అయిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. పేరు సంగతి నేను నమ్మలేదు గానీ, ప్లాను మాత్రం అబ్బురమే. నక్షత్రం అందానికి కాదు సుమండీ! శత్రువు ఏ గోడ దగ్గరికొచ్చినా పక్క బురుజు మీది ఫిరంగి వాణ్ణి అందుకోవాలి. అందుకే ఆ మూలలు, చుట్టూ ఆ కందకం.

నేను కెమెరా తియ్యగానే అక్కడ కూర్చున్న ఓ పెద్దాయన, “ఏం బిడ్డా, సినిమోళ్ళా?” అన్నాడు. కాదన్నాను. “గట్లనా...” అని బీడీ ముట్టించుకున్నాడు. ఆయన నిరాశ చూసి నాకే సిగ్గేసింది.

1978 సెప్టెంబరులో రైతుకూలీల ‘జైత్రయాత్ర’ కదిలింది ఈ ఊళ్ళోనే. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. కవి అలిశెట్టి ప్రభాకర్‌దీ ఈ ఊరే. ఫొటో స్టూడియో నడుపుతూనే నిప్పులాంటి కవిత్వం రాశాడు. జనవరి 12న పుట్టిన ఆ మనిషి 1993లో సరిగ్గా అదే తేదీన కన్నుమూశాడు. ఏ రచయితా ఇలాంటి ముగింపు రాయడానికి సాహసించడేమో!

బస్సెక్కి కోరుట్ల వెళ్ళాను. అక్కడ నా కళ్ళు కోటల కోసం వెతకలేదు. అరుగు మీద ఆడవాళ్ళు, ఒళ్ళో చాట, చాటలో తునికాకు, కత్తెర, తంబాకు... మీతో మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు బీడీ చుట్టేస్తూనే ఉంటాయి. జగిత్యాల పెద్దాయన ముట్టించిన బీడీ ఏ చాటలోంచి వచ్చిందో! “మరి మీ ఆయన?” అంటే తరచుగా వినపడే జవాబు ఒక్కటే... దుబాయి.

అక్కణ్ణుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల. వేములవాడ దగ్గరే హనుమాజీపేట ఉంది. 1931లో సి. నారాయణరెడ్డి పుట్టిన ఊరు. సిరిసిల్లలో, ఉర్దూ మీడియంలో చదువుకున్న ఆ కుర్రాడే 1962లో ‘గులేబకావళి కథ’ పాటలతో తెలుగు వాళ్ళందరి నోళ్ళలో పడ్డాడు. జ్ఞానపీఠమూ అందుకున్నాడు.

మానేరు ఒడ్డున సిరిసిల్లని కళ్ళు మూసుకునైనా గుర్తుపట్టొచ్చు. టకటక... టకటక! అవి సాంచాలు. మరమగ్గం అన్నది పుస్తకాల మాట, ఇక్కడెవరూ అనరు. చప్పుడుంటే కూలి ఉన్నట్టు. ఆర్డర్లు లేక అది ఆగిన రోజుల్లో ఎందరో నేత కార్మికులు ప్రాణాలే తీసుకున్నారు. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు మళ్ళీ వీధులు మోగాయి.

అన్నట్టు, నా సొంత సంగతొకటి చెప్పాలి. చిన్నప్పుడు సినిమాల్లో మా యాస వినపడిందంటే అయితే రౌడీ, లేకపోతే జోకరు. హాలంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి... మా నాయన పక్కనే కూర్చుని ఉండగా! ఆయన మాట్లాడేది అదే యాస. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2023 మార్చిలో సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి ‘బలగం’ తీశాడు. కామెడీ వేషాలతో పేరు తెచ్చుకున్న మనిషి, చావింటి కథతో దర్శకుడయ్యాడు. ఊరూ ఇక్కడిదే, మాటా ఇక్కడిదే. ఆ సినిమా నేను సిరిసిల్లలోనే చూశాను. పిట్ట ముట్టని ఆ ముద్ద తెర మీద కనపడగానే హాలంతా నిశ్శబ్దం. నా పక్క సీట్లో ఓ అవ్వ కొంగుతో కళ్ళొత్తుకుని, నా వైపు తిరిగి “మన దిక్కు గిట్లనే గద బిడ్డా!” అంది.

“అవునవ్వా, గిట్లనే” అన్నాను.