అద్దాల తొట్టె నుంచి చెరువులోకి ‘దెయ్యం చేప’

ఇందల్వాయి: అక్వేరియం అద్దాలకు పట్టే పాచిని తింటుందని కొనే సక్కర్ చేప, పెరిగి తొట్టెలో ఇమడనప్పుడు చెరువు పాలవుతోంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ జీవిని మత్స్యకారులు దెయ్యం చేప అంటారు. ఒంటినిండా గట్టి పలకలు, రెక్కలకు ముళ్లు ఉండటంతో వలలో పడితే దారాలు తెగుతాయి. గట్లలో బొరియలు తొలిచి గుడ్లు పెడుతుంది. గాలిని పీల్చుకుంటూ నీటి బయట గంటల తరబడి బతకగలదు. సంతలో కొనేవారు మాత్రం ఉండరు.

రెండు తెలుగు రాష్ట్రాల జలాశయాల్లో ఇది ఇప్పటికే కనిపించింది. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి అలుగు పారితే దిగువ చెరువుకూ చేరుతుంది. బొచ్చె, రవ్వలతోపాటు రాష్ట్ర చేప కొర్రమీనుకూ అక్కడ పోటీ తప్పదు. ఇందల్వాయి వంటి పల్లెల్లో చెరువు చేపలపై బతికే కుటుంబాలకు అది నేరుగా నష్టమే.

విదేశీ జీవులను పెంచేవారు ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది. అవి అంతర్జాతీయ ‘సైటిస్’ ఒప్పందం పరిధిలోని మకావ్ చిలుక, ఇగ్వానా వంటివాటికే వర్తిస్తాయి. సక్కర్ చేప ఆ జాబితాలో లేదు. మన రామచిలుకను పంజరంలో ఉంచితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చెరువులను చెరిచే ఈ చేపకు మాత్రం నమోదు సైతం అక్కర్లేకపోవడం విచిత్రమే.

వద్దనుకున్న చేపను దుకాణదారుకే తిరిగి ఇవ్వాలి. వలలో పడినదాన్ని మళ్లీ నీటిలో వదలకుండా చెరువుకు దూరంగా పూడ్చిపెట్టాలి.