సెర్చ్ ఇంజన్ ప్రకటనల సభలో మేము

ఇటీవల బెంగుళూరులో జరిగిన సెర్చ్ ఇంజన్ ప్రకటనల వృత్తివారి సభకు మా సొసైటీ తరపున ఇద్దరము హాజరైతిమి. హాలంతయు నిండి, గోడల వెంబడి నిలిచినవారును పెక్కుమంది. పంచె కట్టినవారము మేమిద్దరమే.

ఈ వృత్తి వయస్సు చిన్నది. దీని తొలి సభలలో ఒకటి 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినది. 2000లో గూగుల్ ప్రకటనల పద్ధతి పెట్టినప్పుడు చేరిన ప్రకటనదారులు సుమారు 350 మందే.

మనకు కావలసిన సంగతి వేలము. ఎవరైన ఫోనులో "చేనేత చీర" అని వెతికినంతనే, పై వరుసలోని చోటుకు క్షణములో వేలము జరుగును. చూచినందుకు గాక, సాధారణముగా నొక్కినందుకే సొమ్ము పట్టుదురు. ఎక్కువ పాడినవానికే చోటు దక్కునని లేదు. వెతికిన మాటకు ప్రకటన ఎంతవరకు తగినదో కూడ చూతురు. ప్రకటనలు కాని వరుసలు మాత్రము సొమ్ముకు దొరకవు.

మేము లేచి, "మరమగ్గపు వర్తకుడు చేనేత అను మాటను పాడిన ఆపువారెవరు?" అని అడిగితిమి. మాటను ఎవరైనను పాడవచ్చును, అబద్ధపు ప్రకటనైన ఫిర్యాదు చేయుడనిరి. మాకు తృప్తి కలుగలేదు. 2006లో వచ్చిన చేనేత ముద్ర గుడ్డకే గాని మాటకు లేదు గదా!

తిరుగు బస్సులో మా సొసైటీ పేరు వెతికితిమి. పటములో కనబడినది, ఫోను నంబరు మాత్రము ఎన్నడో తీసివేసినది. దానిని దిద్దుటకు ఆ రాత్రియే వ్రాసితిమి. పైసా ఖర్చు కాలేదు.