ఎత్తైన కొండలలో తలనొప్పి – శొంఠి ఎంతవరకు?

మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. లడఖ్‌లోని లేహ్ సుమారు 3,500 మీటర్లు. ఖర్దుంగ్ లా కనుమ సుమారు 5,359 మీటర్లు. ఆ కనుమ వద్ద గాలి పీడనం సముద్రతీరంలోని దానిలో ఇంచుమించు సగమే. ప్రాణవాయువు తగ్గడం వలన తలనొప్పి, వికారం, నిద్రలేమి కలుగుతాయి. యౌవనం, దేహదార్ఢ్యం దీనినుండి రక్షించవు.

దబీర్‌పురా నుండి మోటారు సైకిలుపై ఒంటరిగా వెళ్ళినపుడు నేను శ్రీనగర్, కార్గిల్ మార్గాన్ని ఎంచుకున్నాను. మనాలీ మార్గంకన్న ఇందులో ఎత్తు క్రమంగా పెరుగుతుంది. లేహ్‌లో రెండు రోజులు విశ్రమించిన పిమ్మటనే కనుమలకు వెళ్ళాను.

అర చెంచా శొంఠిపొడిని గ్లాసుడు నీటిలో మరిగించి, సగమైన పిదప బెల్లం చేర్చి గోరువెచ్చగా సేవించాలి. వికారం కొంత ఉపశమిస్తుంది. అసలు రుగ్మత మాత్రం దీనితో తగ్గదు. మద్యం, నిద్రమాత్రలు వర్జించాలి.

ఒంటరి ప్రయాణికుడు తన మతిభ్రమను తాను గుర్తించలేడు. కనుక బస చేసినచోట ఎవరికైనా ముందే చెప్పి ఉంచండి. మడమను రెండవ పాదపు వేళ్ళకు ఆనిస్తూ తిన్నగా నడిచి చూడండి. తూలినా, కూర్చున్నప్పుడు సైతం ఆయాసం వచ్చినా, తోడు తీసుకొని వెంటనే క్రిందికి దిగి వైద్యుని చేరాలి. బండిని అక్కడే ఉండనివ్వండి.