ఇంట్లో వాటర్ బ్లాక్ చేస్తున్నారా? లోహం, నీళ్ళు చూసుకోండి!

ఎండాకాలం మన నెల్లూరులో గేమ్ పెడితే చాలు, సీపీయూ 90 డిగ్రీలు దాటిపోతోంది, ఇంట్లోనే వాటర్ బ్లాక్ చేసుకోవచ్చా అని చానామంది అడిగారు. చేసుకోవచ్చు. కానీ నేను చేసిన తప్పు మాత్రం చేయొద్దు.

ముందు, వాటర్ బ్లాక్ అంటే ఏంటి? చిప్ మీద బిగించే చిన్న లోహపు డబ్బా. అడుగు పలక చిప్ వేడిని లాక్కుంటుంది. లోపలి కాలువల్లో పారే నీళ్ళు ఆ వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి. అక్కడ ఫ్యాన్ దాన్ని గాలిలోకి తోసేస్తుంది. కృష్ణపట్నం పక్కన నేలటూరు థర్మల్ ప్లాంట్‌లో సముద్రపు నీళ్ళు చేసేదీ వేడిని మోసే పనే. సైజులోనే తేడా.

నీళ్ళకి ఆ సత్తా ఉంది. 100 వాట్ల చిప్ మీదుగా నిమిషానికి 1 లీటరు పారితే, ఆ నీళ్ళు వేడెక్కేది ఒకటిన్నర డిగ్రీ లోపే. అందుకే చిన్న పంపు చాలు.

ఇక నా కథ. మొదటి బ్లాక్ అల్యూమినియంతో చేశా. ధర తక్కువ, డ్రిల్ సులువుగా దిగుతుంది. రేడియేటర్ మాత్రం రాగిది. పోసిందేమో మా బోరు నీళ్ళు. మాది మైపాడు వైపు, బోరు వేస్తే ఉప్పు నీళ్ళే. రెండు నెలలు బాగా నడిచింది. మూడో నెలలో ట్యూబుల్లో తెల్లటి గుజ్జు. ఒక రాత్రి బ్లాక్‌కి సూది బెజ్జమంత చిల్లు పడి, నీళ్ళు కారి, గ్రాఫిక్స్ కార్డు పోయింది. మా అన్న మొదటి జీతంతో కొనిచ్చిన కార్డు అది.

ఆ బ్లాక్ తీసుకెళ్ళి లేత్ షాపు మామకి చూపించా. "ఇనప బోట్లకి అడుగున జింకు దిమ్మ ఎందుకు బిగిస్తారబ్బయ్యా?" అన్నాడు. ఉప్పు నీళ్ళలో రెండు వేరే లోహాలు కలిస్తే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో బలహీనమైన లోహం కరిగిపోతుంది. బోటులో జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. నా లూప్‌లో రాగి కొద్దికొద్దిగా నీళ్ళలోకి వచ్చి అల్యూమినియం మీద పేరుకుంది. పేరుకున్న చోటల్లా అల్యూమినియాన్ని తినేసింది.

అందుకే రేడియేటర్ రాగిదైతే బ్లాక్ కూడా రాగితోనే చేయండి. వేడిని మోయడంలో రాగి విలువ దాదాపు 400, అల్యూమినియానిది 237. కాలువల కింద 3 మిల్లీమీటర్ల మందం వదలండి. మూతకి రబ్బరు ఓ-రింగ్ వేసి స్క్రూలు బిగించండి, జిగురును నమ్మొద్దు. చిప్‌కి తగిలే వైపు సమంగా రావాలంటే గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, 400, 800, 1200 నంబర్ల వరసలో రుద్దండి. నీళ్ళు డిస్టిల్డ్ వాటరే పోయండి, తుప్పు, పాచి పట్టకుండా కలిపే మందుతో సహా.

చివరగా లీక్ టెస్ట్. కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వకుండా, పంపు ఒక్కటే వేరే సప్లై మీద 24 గంటలు నడపండి. జాయింట్ల కింద టిష్యూ పేపర్ పెట్టండి. అది తడిస్తే మళ్ళీ విప్పాల్సిందే.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. గది 40 డిగ్రీలుంటే లూప్ నీళ్ళు అంతకన్నా చల్లబడవు. అలాగని ఐసు వేయొద్దు. మన సముద్రపు గాలి తేమకి బ్లాక్ బయట నీళ్ళు పట్టి, బోర్డు మీద కారతాయి.

ఒక్క రాగి ముక్క దగ్గర పొదుపు చేసి నేను కార్డు పోగొట్టుకున్నా. మీరు జాగ్రత్త. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.